రోహిణి కార్తె ఎండల్లో పెరటి కోళ్లను దక్కించుకోవడం ఎలా? విజయవాడ, గుంటూరు పెంపకందారులకు సమగ్ర మార్గదర్శి

ఏప్రిల్ సగం గడిచేసరికి విజయవాడ, గుంటూరు ప్రాంతాల్లో పెరట్లో కోళ్లు పెంచుకునేవారు తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. పొద్దున చక్కగా తిరిగిన పెట్ట మధ్యాహ్నం మూడు గంటలకు చచ్చి పడి ఉంది, ఏం చేయాలి? చచ్చిన కోడికి చేయగలిగింది ఏమీ లేదు. మిగిలిన కోళ్లకు చేయవలసినది మాత్రం చాలా ఉంది; అందులో ఎక్కువ భాగం ఎండ ముదరక ముందే చేసి పెట్టుకోవాలి.

ఈ మార్గదర్శి ఐదు నుంచి ముప్పై వరకు నాటుకోళ్లను, లేదా వనరాజా, గ్రామప్రియ వంటి పెరటి రకాలను పెంచుకునేవారి కోసం. వేల కోళ్లుండే ఫారాల పద్ధతులు ఇక్కడ చెప్పడం లేదు.

## 1. మొదట రోజు రకాన్ని గుర్తించడం

కోడికి చెమట పట్టదు. దాని ఒంటి వేడి మామూలుగానే 41 నుంచి 42 డిగ్రీల సెల్సియస్ వరకు ఉంటుంది. మరో నాలుగైదు డిగ్రీలు పెరిగితే బతకడం కష్టం. చల్లటి రోజుల్లో ఒంటి వేడి తురాయి నుంచి, కాళ్ల నుంచి, రెక్కల కింది పలుచని చర్మం నుంచి గాలిలోకి పోతుంది. బయటి గాలి కూడా 40 డిగ్రీలకు చేరినప్పుడు ఆ దారి దాదాపు మూసుకుపోతుంది. అప్పుడు కోడికి మిగిలేది నోరు తెరిచి రొప్పడం, ఆ రొప్పులో గొంతులోని తడిని ఆవిరి చేసి చల్లబడడం మాత్రమే.

ఆవిరి కావాలంటే గాలి పొడిగా ఉండాలి. మన ప్రాంతంలో చిక్కు ఇక్కడే వస్తుంది, ఎందుకంటే ఇక్కడి వేసవిలో రెండు రకాల రోజులు ఉంటాయి. ఒక రోజుకు పనికొచ్చే ఉపాయం మరో రోజున హాని చేస్తుంది.

మొదటిది పడమటి గాలి వీచే రోజు. పల్నాడు వైపు నుంచి వడగాలి కొడుతుంది, పెదవులు ఎండిపోతాయి, ఆరేసిన బట్టలు చూస్తుండగానే ఆరిపోతాయి. రెండోది ఉక్కపోత రోజు. ఎండ 37, 38 డిగ్రీలే ఉండవచ్చు, కానీ ఆకు కదలదు, చొక్కా ఒంటికి అతుక్కుంటుంది. కోళ్లు చనిపోయేది పడమటి గాలి రోజునే అని చాలామంది అనుకుంటారు. ఉక్కపోత రోజున రొప్పినా తగినంత తడి ఆవిరి కాదు కాబట్టి, ఎండ తక్కువగా కనిపించే ఆ రోజే ఎక్కువ జాగ్రత్తగా ఉండాలని నా అభిప్రాయం.

ఏ రోజు ఏ రకమో తెలుసుకోవడానికి పరికరం అక్కరలేదు. ఉదయం పది గంటలకు ఒక పలుచని నూలు తువ్వాలును తడిపి, గట్టిగా పిండి, నీడలో ఆరేయండి. అరగంటకల్లా ఆరిపోతే పొడి రోజు. గంట దాటినా చేతికి చెమ్మ తగులుతూ ఉంటే ఉక్కపోత రోజు. ఆ తరువాత ఏం చేయాలో ఆరో భాగంలో ఉంది.

## 2. ఉగాది నాటికి గూడు సిద్ధం చేయడం

కప్పు. పెరటి గూళ్లలో ఎక్కువ భాగానికి రేకులే కప్పు. మధ్యాహ్నం రెండు గంటలకు రేకుకు జానెడు కింద అరచేయి పెట్టి చూడండి. తరువాత అదే చేతిని కోడి నిలబడే ఎత్తుకు దించండి. కింద కూడా సెగ తగులుతూ ఉంటే, గాలి ఎంత ఆడినా ఆ గూడు పగలు పనికిరాదు.

రేకు మీద తాటాకులు గానీ కొబ్బరి మట్టలు గానీ కప్పడం అన్నిటికంటే మంచిది. వాటిని నేరుగా రేకుకు ఆనించకుండా, అడ్డంగా వెదురు బద్దలు పరిచి వాటిపై వేస్తే మధ్యలో గాలి తిరుగుతుంది. వరిగడ్డి కూడా పనిచేస్తుంది గానీ, పక్కన వంటపొయ్యి గానీ కరెంటు తీగ గానీ ఉంటే దాని జోలికి పోవద్దు. ఇవేవీ దొరకకపోతే రేకు పైభాగానికి చిక్కని సున్నం రెండు పూతలు వేయండి. ఆకుపచ్చ షేడ్ నెట్ కట్టేవారు దాన్ని రేకుకు కనీసం అడుగు ఎత్తున కట్టాలి. రేకు మీదే పరిస్తే ఆ వేడి కొంత రేకుకే చేరుతుంది.

చూరు. పడమర, దక్షిణం వైపుల చూరును మూడు అడుగుల వరకు బయటికి పొడిగించండి. సాయంత్రం నాలుగు గంటల ఏటవాలు ఎండ గూట్లోకి వచ్చేది పడమటి వైపు నుంచే. కొత్తగా గూడు కట్టేవారు దాని పొడవు తూర్పు పడమరలుగా ఉండేలా చూసుకోవాలి. పడమటి వైపు పందిరి వేసి దొండ పాదు పాకిస్తే నీడ వస్తుంది, కూరకు కాయలూ వస్తాయి.

గోడలు. కింద అడుగున్నర వరకు గోడ, ఆ పైన ఇనుప జాలి ఉండాలి. చుట్టూ ఇటుక గోడ ఉన్న గూడైతే ఎదురెదురు గోడల్లో, కోడి తల ఎత్తుకు దగ్గరగా, కిటికీలు తీయించి జాలి బిగించండి. పైన ఒక్క చిల్లు పెట్టినంత మాత్రాన కింద కూర్చున్న కోడికి గాలి అందదు.

గోనెపట్టాలు. పడమటి వైపు కట్టడానికి పాత గోనెసంచులు మంచివే. అయితే గుంటూరు చుట్టుపక్కల చవకగా దొరికేవి మిర్చి టిక్కీల సంచులు. వాటి నేతలో కారపు దుమ్ము ఇంకిపోయి ఉంటుంది. వాటిని తడిపి కడితే గాలి వీచినప్పుడల్లా ఆ ఘాటు కోళ్ల కళ్లకూ ముక్కులకూ తగులుతుంది. బియ్యం సంచులో, తవుడు సంచులో తెచ్చుకోండి. మిర్చి సంచులే దిక్కయితే పలుమార్లు నానబెట్టి ఉతికి, ముఖానికి దగ్గరగా పెట్టుకుని వాసన చూసిన తరువాతనే వాడండి.

నేల. పాత ఊకను, దానితో పాటు గడ్డకట్టిన రెట్టను పూర్తిగా ఎత్తివేసి, కొత్త ఊక రెండు అంగుళాల మందాన మాత్రమే పరవండి. చలికాలంలో వేసినంత మందపాటి పరుపు వేసవిలో వేడిని పట్టి ఉంచుతుంది.

కోళ్ల సంఖ్య. గూట్లో ఒక్కొక్క పెద్ద కోడికి మూడు చదరపు అడుగుల చోటు ఉండాలి. సంక్రాంతికి అమ్ముడుపోని పుంజులను వేసవి దాకా ఉంచుకుని గూడు కిక్కిరిసేలా చేయడం చాలా ఇళ్లలో కనిపిస్తుంది. వాటిని మార్చి లోపలే వదిలించుకోవడం లాభం.

ఉగాది నాటికి సరిచూసుకోవలసినవి:

- కప్పు మీద తాటాకు, సున్నం, షేడ్ నెట్‌లలో ఏదో ఒకటి ఉంది
- పడమటి ఎండ గూట్లో పడడం లేదు
- రెండు ఎదురెదురు వైపుల గాలి ఆడుతోంది
- ఫ్యాను, తీగలు, ప్లగ్గు కోళ్లకూ నీళ్లకూ అందని ఎత్తులో ఉన్నాయి
- కనీసం మూడు నీళ్ల పాత్రలు ఉన్నాయి
- రాణిఖెత్ వ్యాధి టీకా వేయించడం పూర్తయింది. ముదురు ఎండల్లో కోళ్లను పట్టి టీకాలు వేయించే అవసరం రాదు

## 3. నీళ్లు

మామూలు రోజుల్లో పెద్ద కోడి పావు లీటరు వరకు నీళ్లు తాగుతుంది. ముదురు ఎండల్లో అది రెట్టింపు అవుతుంది, ఒక్కొక్కసారి ఇంకా పెరుగుతుంది. పది కోళ్లున్న ఇంట్లో రోజుకు ఆరు లీటర్లయినా సిద్ధంగా ఉండాలి.

అయితే ఎన్ని నీళ్లు పెట్టామన్నదాని కంటే ఎంత చల్లగా ఉన్నాయన్నది ముఖ్యం. నీళ్లు వేడెక్కితే కోడి ముక్కు ముంచి వదిలేస్తుంది. పాత్ర నిండుగా ఉందని మనం నిశ్చింతగా ఉంటాం. పగటిపూట డాబా మీది నల్ల ట్యాంకు నుంచి వచ్చే నీళ్లు చేయి పెట్టలేనంత కాగి ఉంటాయి. అందుచేత తెల్లవారుజామునే ఆ రోజుకు సరిపడా నీళ్లు పట్టి, ఇంట్లో మట్టికుండలో నిల్వ చేసి, అందులో నుంచి పగలంతా పోస్తూ ఉండండి.

వెడల్పాటి మట్టి మూకుళ్లు మంచివి, ఎందుకంటే వాటి గోడల నుంచి ఊరే తడి ఆవిరవుతూ నీళ్లను చల్లబరుస్తుంది. వాటిని దట్టమైన నీడలో, వేరు వేరు చోట్ల పెట్టండి. ఒకే చోట పెడితే పెత్తనం చేసే పుంజు మిగిలినవాటిని దగ్గరికి రానివ్వదు. కోడిపిల్లలు తాగే మూకుడులో గులకరాళ్లు వేస్తే అవి మునిగిపోకుండా ఉంటాయి. ఉదయం ఐదు, పదకొండు, రెండు, నాలుగు గంటలకు పాత నీళ్లు పారబోసి, మూకుడును తోమి, కొత్త నీళ్లు పోయండి. ఫ్రిజ్‌లో గడ్డకట్టిన నీళ్ల సీసాను మధ్యాహ్నం పాత్రలో ఉంచవచ్చు.

రొప్పే కోడి నీటితో పాటు లవణాలను కూడా పోగొట్టుకుంటుంది. మందుల దుకాణంలో దొరికే, లీటరు నీటికని రాసి ఉన్న ఓఆర్‌ఎస్ పొట్లాన్ని రెండు లీటర్ల నీళ్లలో కలిపి, ఎండ తీవ్రంగా ఉన్న రోజుల్లో ఉదయం తొమ్మిది నుంచి మధ్యాహ్నం వరకు ఒక పాత్రలో పెట్టండి. పక్కనే మామూలు నీళ్లు తప్పక ఉండాలి. మిగిలిన ద్రావణాన్ని సాయంత్రానికి పారబోయండి. పలుచని మజ్జిగ కొద్దిగా ఇవ్వవచ్చు, కానీ అందులో ఉప్పు వేయకూడదు, గంటకు మించి బయట ఉంచకూడదు. నిమ్మరసం పిండిన నీళ్లను జింకు పూత ఉన్న రేకు పాత్రల్లో పోయవద్దు. పులుపుకు ఆ పూత కరిగి నీళ్లలోకి దిగుతుంది.

## 4. మేత

తిన్న మేత అరిగేటప్పుడు ఒంట్లో వేడి పుడుతుంది. పది గంటలకు కడుపునిండా తిన్న కోడికి ఆ వేడి సరిగ్గా నడిమధ్యాహ్నపు ఎండతో కలుస్తుంది. వేసవిలో ఎంత మేత వేయాలన్నదాని కంటే ఎప్పుడు వేయాలన్నది పెద్ద విషయం.

తెల్లవారి ఐదు గంటలకే మేత వేసి, ఎనిమిదిన్నరకల్లా గిన్నెలు తీసేయండి. మళ్లీ సాయంత్రం ఐదున్నరకు, ఎండ తగ్గిన తరువాత వేయండి. మధ్యలో ఆకలితో ఉంటాయని జాలిపడి గుప్పెడు మొక్కజొన్న చల్లడం ఆ కోళ్లకు మేలు కాదు. పెట్టి తీరాలనిపిస్తే దోసకాయ ముక్కలో, పుచ్చకాయ తొక్కలో, తోటకూరో వేయండి. వాటిలో ఉండేది ఎక్కువగా నీరే.

తవుడు, నూకలు తడిపి పెట్టేవారు అప్పటికప్పుడు తినేంతే కలపాలి. ఈ వేడికి తడి తవుడు చాలా త్వరగా పులిసి, బూజు పట్టి, విరేచనాలకు దారితీస్తుంది.

వేసవిలో గుడ్డు పెంకు పలుచబడడం సహజం. రొప్పేటప్పుడు ఒంట్లోని బొగ్గుపులుసు వాయువు మితిమీరి బయటికి పోయి, పెంకు తయారుకావడానికి కావలసిన పదార్థం తగ్గుతుంది. ఎండబెట్టి నలిపిన గుడ్డు పెంకులు గానీ ఆల్చిప్పల పొడి గానీ సాయంత్రం మేత పక్కన విడి గిన్నెలో పెడితే, పెట్టలు తమకు కావలసినంత తీసుకుంటాయి. గుడ్లు తగ్గాయని ఈ రోజుల్లో మేత పెంచవద్దు. ఎండ తగ్గితే గుడ్లు వాటంతట అవే పెరుగుతాయి.

## 5. ఎండ రోజున గంటల వారీగా పని

- తెల్లవారి 5: మేత, కొత్త నీళ్లు, రోజంతటికీ కుండలో నిల్వ
- 8.30: మేత గిన్నెలు తీయడం, గుడ్లు ఏరడం
- 10: తువ్వాలు పరీక్ష, కోళ్లను నీడలోకి తోలడం
- 11 నుంచి 4 వరకు: నీళ్లు మార్చడం తప్ప గూట్లో మరే పనీ పెట్టుకోకపోవడం. ఊడవడం, పట్టుకోవడం, పిల్లలు వెంటపడి తరమడం వంటివన్నీ నిషిద్ధం
- 2.30: ప్రతి కోడినీ దూరం నుంచి గమనించడం
- 5.30: మేత, పెంకుల పొడి
- రాత్రి 9: గూట్లో గాలి ఆడుతోందో లేదో చూడడం

రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ మండలాల వారీగా వడగాల్పుల హెచ్చరికలు ప్రకటిస్తుంది. మీ మండలం పేరు ఉన్న రోజున మధ్యాహ్నం ఇంట్లో ఎవరో ఒకరు ఉండేలా చూసుకోండి.

## 6. తడపడం: ఏ రోజు చేయాలి, ఏ రోజు మానాలి

పొడి రోజున పడమటి వైపు గోనెపట్టాలను పదకొండు గంటల నుంచి గంటకోసారి తడపండి. పట్టా కింద అడుగు ఖాళీ వదలండి, ఎదుటి వైపు పూర్తిగా తెరిచి ఉంచండి. తడిలోంచి వచ్చిన గాలి అటు నుంచి బయటికి పోవాలి. కప్పు మీది తాటాకును కూడా తడపవచ్చు. చెట్టు కింద మట్టిని జానెడు లోతు తవ్వి కొద్దిగా చెమ్మ చేస్తే, కోళ్లు అందులో గుంట చేసుకుని కడుపు ఆనించి కూర్చుంటాయి.

ఉక్కపోత రోజున ఇవేవీ చేయకండి. పట్టాలు పూర్తిగా ఎత్తి కట్టి, నాలుగు వైపులా తెరిచి, ఫ్యాను పెట్టండి. గాలి కోళ్ల ఒంటి ఎత్తున, అడ్డంగా వీచాలి. పైకప్పుకు వేలాడే ఫ్యాను కప్పు దగ్గరి సెగను కిందికి నెడుతుంది కాబట్టి స్టాండు ఫ్యాను మేలు. మంచు తుంపరలా నీళ్లు చల్లే గొట్టాలు కొనేవారు కూడా పొడి రోజునే, ఫ్యానుతో కలిపి వాడాలి.

రెండు రకాల రోజుల్లోనూ గూట్లోని ఊకను తడపకూడదు. తడిసిన ఊక నుంచి ఘాటైన అమ్మోనియా లేస్తుంది, ఆ తరువాత కోడిపిల్లల్లో రక్త విరేచనాలు మొదలవుతాయి.

## 7. ప్రత్యేకంగా చూడవలసినవి

డాబా మీది కోళ్లు. స్లాబు పగలు పట్టిన వేడిని రాత్రి పొద్దుపోయేదాకా వదులుతూనే ఉంటుంది. విజయవాడ వన్‌టౌన్‌లో కొండవాలు ఇళ్లకు ఆ రాతి సెగ కూడా తోడవుతుంది. ఏప్రిల్, మే నెలలకైనా వాటిని కిందికి దించి, మెట్ల కింద నీడలో జాలి కట్టి ఉంచడం తప్ప నమ్మదగిన ఉపాయం లేదు.

పొదిగే పెట్ట. దాహం వేసినా గుడ్లను వదిలి లేవదు. నీళ్లు దాని ముక్కుకు అందేంత దగ్గరగా పెట్టండి, తెల్లవారుజామున ఒకసారి లేపి మేతకు వదలండి. అసలు కృత్తిక, రోహిణి కార్తెల్లో గుడ్లు పొదిగించకపోవడమే మంచిది.

బరువైన కోళ్లు, బ్రాయిలర్లు. ముందుగా పడిపోయేవి ఇవే. మెడ మీద ఈకలు లేని నాటు రకాలు, పలుచని ఒళ్లున్న పెట్టలు ఎక్కువ తట్టుకుంటాయి.

సంత నుంచి తెచ్చే కోళ్లు. ఉదయం ఏడింటిలోపు తెచ్చుకోవాలి. కాళ్లు కట్టి బండికి తలకిందులుగా వేలాడదీస్తే కోడి సరిగా రొప్పను కూడా రొప్పలేదు. గాలి ఆడే గంపలో తీసుకురండి.

రాత్రి గూడు. పిల్లి, ముంగిస భయంతో తలుపులు మూసి, పట్టాలు దించి, గూటిని పెట్టెలా చేయకూడదు. గట్టి ఇనుప జాలి బిగిస్తే భద్రతా ఉంటుంది, గాలీ ఆడుతుంది.

## 8. వడదెబ్బ తగిలినప్పుడు

రెక్కలు ఒంటికి దూరంగా పట్టి, ముక్కు తెరిచి రొప్పడం మొదటి హెచ్చరిక. ఈ దశలో నీడ, గాలి, చల్లని నీళ్లు చాలు. మెడ చాచి, కళ్లు మూస్తూ, నడవమంటే తూలితే అది ప్రాణాపాయం, క్షణం ఆగకండి.

1. తరమకుండా, ఒక్క పట్టులో నెమ్మదిగా పట్టుకుని నీడలోకి తీసుకురండి.
2. బకెట్‌లో కుండనీళ్లంత చల్లని నీళ్లు పోసి, కాళ్లు, పొట్ట మునిగేలా రెండు మూడు నిమిషాలు పట్టుకోండి. తల నీళ్లకు పైనే ఉండాలి. మంచునీళ్లలో ముంచవద్దు, చర్మం దగ్గరి రక్తనాళాలు ముడుచుకుని లోపలి వేడి లోపలే ఉండిపోతుంది.
3. తురాయిని, ముక్కు కింద వేలాడే ఎర్రతోలును తడిగుడ్డతో అద్దండి.
4. బయటికి తీసి, ఫ్యాను గాలి తగిలేచోట కూర్చోబెట్టండి.
5. తల నిలబెట్టగలిగిన తరువాతే ముక్కు కొసను ఓఆర్‌ఎస్ నీళ్లలో తాకించండి. నోరు తెరిచి నీళ్లు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోయి చనిపోతుంది.
6. తేరుకున్నాక ఆ రోజంతా వేరుగా ఉంచి, సాయంత్రం కొద్దిగా మేత వేయండి.

## 9. ఎండ దెబ్బా, జబ్బా?

ఎండ వల్ల రొప్పే కోడి పొద్దుగూకి గాలి చల్లబడేసరికి నోరు మూస్తుంది. తెల్లవారుజామున కూడా నోరు తెరిచి ఊపిరి తీస్తున్నా, ఆకుపచ్చని రెట్ట వేస్తున్నా, మెడ మెలి తిరుగుతున్నా అది రాణిఖెత్ కావచ్చు. ఆ కోడిని విడదీసి, పశువైద్యశాలకు గానీ సంచార పశువైద్య సేవల 1962 నంబరుకు గానీ తెలియజేయండి.

ఒకేసారి పలు కోళ్లు చనిపోతే ఎండ మీదికి నెట్టేయవద్దు. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చింది. ఇలాంటప్పుడు వట్టి చేతులతో తాకకుండా, కోసి వండుకోకుండా, పశుసంవర్ధక శాఖ వారికి చెప్పాలి. చచ్చిన కోడి ఏ కారణంతో పోయినా కాలువలో పడేయడం తప్పు. మూడు అడుగుల గొయ్యిలో సున్నం చల్లి పూడ్చాలి.

## 10. తరచుగా జరిగే పొరపాట్లు, సవరణలు

ఎండలో కోళ్ల మీద బకెట్‌తో నీళ్లు కుమ్మరించడం. ఈకలు తడిసి అతుక్కుంటాయి, కోడి బెదిరి పరుగెత్తి మరింత వేడెక్కుతుంది. పొట్ట, కాళ్లు మాత్రమే తడపాలి.

పల్చటి టార్పాలిన్‌ను తల మీద తగిలేంత కిందుగా కట్టడం. నీడ వస్తుంది గానీ కింద ఆవిరి పట్టేస్తుంది. కనీసం ఆరడుగుల ఎత్తున, పక్కలు తెరిచి కట్టండి.

రోజంతా ఉప్పు, పంచదార నీళ్లే పెట్టడం. ఉప్పు ఎక్కువై నీళ్ల విరేచనాలు పట్టుకుంటాయి, చిన్న కోడిపిల్లలైతే తట్టుకోలేవు. సగం పూట మాత్రమే, పక్కన మంచినీళ్లతో ఇవ్వండి.

కరెంటు పోతుందన్న ఆలోచన లేకపోవడం. ఫ్యాను మీదే ఆధారపడిన ఇరుకు గూట్లో మధ్యాహ్నం కరెంటు పోతే కోళ్లు ఎంతోసేపు తట్టుకోలేవు. ఫ్యాను ఆగిన వెంటనే తలుపు తెరిచి, వాటిని చెట్టు నీడలోకి వదిలే దారి ముందే ఏర్పాటు చేసుకోండి.

పిడుదులను మరచిపోవడం. ఎండాకాలంలో ఇవి గోడ పగుళ్లలో, కర్రల సందుల్లో దాగి రాత్రిపూట రక్తం పీలుస్తాయి. రక్తం తగ్గిన కోడి ఎండకు ముందుగా పడిపోతుంది. పగుళ్లను పూడ్చి సున్నం కొట్టించండి, రాత్రి టార్చిలైటుతో రెక్కల కింద చూడండి.

తొలకరి పడగానే అన్నీ విప్పేయడం. మృగశిర వచ్చి రెండు జల్లులు కురిసిన తరువాత కూడా మధ్యలో ఎండ కాస్తుంది, ఆ వేడికి తేమ తోడై ఉక్క మరింత ఎక్కువవుతుంది. తడిసిన గోనెపట్టాలను తీసేయవచ్చు గానీ, ఫ్యానును, మేత వేళలను, కప్పు మీది తాటాకును జూన్ నెలాఖరు దాకా అలాగే ఉంచండి. ఊక చెమ్మగిల్లితే ఆ రోజే మార్చండి.